రాయి వెనుకవైపు

“ముగ్గుపిండి డబ్బా మర్చిపోకు” అన్నాడు రాఘవేందర్, చెప్పుల బెల్టు బిగించుకుంటూ.

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో ఈ మాట కొత్త కాదు. ఉమారాణి డబ్బాను అప్పటికే సంచిలో పెట్టింది. దాని పక్కన కొబ్బరిపీచు, గట్టి కుచ్చు బ్రష్షు, నల్ల సిరా సీసా, పాత చీర ముక్కలో దూది పెట్టి తానే కుట్టిన అద్దకపు ఉండ. తెల్ల కాగితాలు చుట్టగా చుట్టి వేరే గొట్టంలో పెట్టింది. మధ్యాహ్నానికి పులిహోర కట్టింది. అత్త జోగులమ్మకు పొద్దటి మాత్రలు, పగటి మాత్రలు వేర్వేరు గిన్నెల్లో వేసి ఏది ఎప్పుడో రెండుసార్లు చెప్పింది. కొడుకు సాయితేజకు ఇడ్లీలు పెట్టి, నాయనమ్మకు పగలు అన్నం పెట్టమని అప్పగించింది. ఇంకా తల దువ్వుకోలేదు. బయట స్కూటర్ హారన్ రెండుసార్లు మోగింది.

రాఘవేందర్ నాగర్‌కర్నూల్‌లో జూనియర్ కాలేజీ చరిత్ర లెక్చరర్. సెలవు రోజుల్లో పాత శాసనాల కోసం ఊళ్లు తిరుగుతాడు. ఉప్పునుంతల, లింగాల, అమ్రాబాద్, ఇటు వనపర్తి దాకా ఏ పొలిమేరలో ఏ రాయి మీద రాత ఉందో, అది వాగుకు ఎన్ని గజాల దూరమో, ఏ ముఖం తూర్పుకుందో పుస్తకం చూడకుండా చెప్పగలడు. జనం ఆయన్ను రాళ్లసార్ అంటారు. పత్రికల్లో ఆయన వ్యాసాలు వస్తాయి. ఉమారాణి వనపర్తిలో బి.ఏ. చదివింది, చరిత్రే. పెళ్లయిన కొత్తలో పాత అక్షరాలు నేర్పింది ఆయనే. ఆయన రెండు రోజులుగా తేల్చుకోలేకపోయిన ఒక పంక్తిని ఆమె బియ్యం కడుగుతూ కడుగుతూ చదివేస్తే, “నీ కన్ను నా కన్నుకంటె మంచిది ఉమా” అన్నాడు. ఆ మాటను ఆమె చాలా ఏళ్లు దాచుకుంది. పోను పోను ఆమె చదివిందల్లా ఆయన చదివిందైపోయింది. విస్తట్లోకొచ్చిన కూరను ఎవరు తరిగారో, ఎవరు తాలింపు పెట్టారో ఎవరడుగుతారు? ఒకసారి లింగాల దగ్గర ఒక పెద్దమనిషి, అమ్మగారు కూడా రాళ్లు చదువుతారా సార్ అని అడిగితే, “నీళ్లు పోస్తది” అన్నాడు రాఘవేందర్. అందరూ నవ్వారు. ఉమారాణి కూడా నవ్వింది. తాను నవ్వినందుకు ఇప్పటికీ ఆమెకు తన మీదే కోపం.

రాయి దగ్గర పని ఇలా ఉంటుంది. ముందు పీచుతో నాచు, పక్షుల రెట్టలు గోకి కడగాలి. అక్షరాల్లో ముగ్గుపిండి రుద్ది పంక్తులు ఎక్కడెక్కడున్నాయో చూసుకుని మళ్లీ కడగాలి. తడి కాగితం పరిచి, బ్రష్షుతో ఓపిగ్గా కొడుతూ గుంతల్లోకి దిగేలా చెయ్యాలి. గట్టిగా కొడితే చిరుగుతుంది, మెల్లగా కొడితే దిగదు. కాగితం సగం ఆరాక, మరీ ఆరిపోకముందే, సిరా ముంచిన ఉండతో అద్దాలి. కాగితం నలుపెక్కుతుంది, అక్షరాలు తెల్లగా మిగులుతాయి. అదే నకలు. ఈ పనంతా గొంతుక్కూచుని ఉమారాణి చేస్తుంది. ఆ సమయంలో రాఘవేందర్ నీడన నిలబడి సర్పంచులతో మాట్లాడుతుంటాడు. అది కూడా అవసరమే, ఆమె కాదనదు. ఆయన మాట్లాడకపోతే ఊళ్లో రాయిని ముట్టనివ్వరు.

రెండువేల ఆరు జనవరి చివర్లో ఒక ఆదివారం ఉప్పునుంతల దాటి దుందుభి వాగు వైపున్న ఒక ఊరికి పోయారు. పొలాల మధ్య పాత చేదబావి, దాని ఒడ్డున నిలువెత్తు రాయి. తలమీద సూర్యచంద్రులు చెక్కి ఉన్నాయి. బండ్లబాట వైపున్న ముఖం మీద ఎవరో సామంతుడు చెరువుకు కాలువ తీయించి పొలం దానమిచ్చిన సంగతి ఇరవై పంక్తుల్లో ఉంది. రాజు పేరు, సంవత్సరం, తిథి అన్నీ చెక్కుచెదరలేదు. సర్పంచ్ బాలస్వామి మొహం వెలిగిపోయింది. తన ఊరికి ఏడువందల ఏళ్ల కాలువ ఉండేదని ఆయన అప్పుడే వేపచెట్టు కింద నలుగురికీ చెప్పడం మొదలుపెట్టాడు.

ఉమారాణి ముందువైపు నకలు తీసేసరికి పదకొండయింది. చేతులు కడుక్కుంటుండగా ఒకామె బిందె పట్టుకుని వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. పక్క చేన్లో పల్లికాయ పీకే కూలీలకు నీళ్లు తీసుకుపోవడానికి వచ్చిందట. పేరు ఎస్తేరమ్మ. బొక్కెన వేసి చేది, మొదటి నీళ్లు బిందెలో పోసుకోలేదు. రాయి వెనక్కి పోయి, రాయి మీద ధారగా పోసి వచ్చింది. తర్వాతే బిందె నింపుకోవడం మొదలుపెట్టింది. ఎందుకలా పోశావని ఉమారాణి అడిగింది.

“మొదటి బొక్కెన ఆమెకే.”

“ఎవరికి?”

“తెల్వదమ్మా. మా అత్త పోస్తుండె, నేను పోస్తున్న. మా అత్త కాలంల మమ్ముల బాయి మీదికి రానియ్యకపోతుండ్రి. ఎవలన్న చేది కడవల పోస్తే, అండ్లకెల్లే ఒక దోసెడు గీడ పోసి పోయేదంట.”

“మీరు చర్చికి పోతరు కదా?”

“పోతం. ఆయన గాడ, ఈమె గీడ. ఇద్దరికి కొట్లాట లేదు” అంది ఎస్తేరమ్మ.

మగవాళ్లు కూడా పోస్తారా అని ఉమారాణి అడిగితే ఎస్తేరమ్మ ఆమెను వింతగా చూసింది. “మొగోళ్లు నీళ్లు ఎప్పుడు చేదిండ్రమ్మా?”

ఉమారాణి రాయి వెనక్కి పోయింది. అటువైపు మన్ను మోకాలెత్తు పేరుకుని, తుంగ మొలిచి ఉంది. తడిసిన రాయి మీద చెయ్యి పెట్టి పైనుంచి కిందికి నిమిరింది. అక్షరం ఉన్న రాయి చేతికి వేరుగా తగులుతుంది. ఎస్తేరమ్మను కొడవలి అడిగి తీసుకుని మన్ను తోడింది. ఎస్తేరమ్మ కూడా బిందె దించి చేతులు కలిపింది. మన్ను పైన ఉన్నవి నాలుగు, కింద కూరుకున్నవి మూడు, మొత్తం ఏడు పంక్తులు బయటపడ్డాయి. ముందువైపు రాత చెక్కినవాడు చెక్కినవి కావు. వంకరటింకరగా, పంక్తి చివర చోటు చాలక ఇరికించినట్టుగా, చేతగానివాడెవడో చెక్కిన అక్షరాలు. ఆమె పిండి రుద్దింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. తర్వాత ఎస్తేరమ్మకు అర్థమయ్యేలా చెప్పింది. కుమ్మరి మాచక్క అనే ఆమె తన కూతురికి పుణ్యంగా ఈ బావి తవ్వించింది. నీళ్లు చేదేవాళ్లు మొదటి కడవ ఈ రాత మీద పోసి ఆ పిల్ల పేరు తలుచుకోవాలి.

“నీళ్లు పోసుడు గుర్తుంది” అంది ఎస్తేరమ్మ. “పేరు మర్చిపోయినం. ఏం పేరంట?”

అదే కనబడటం లేదు. ఏడు పంక్తుల్లో నాలుగో పంక్తి మధ్యలో, సరిగ్గా మాచక్క కూతురి పేరు ఉండాల్సిన చోట, రాయి అద్దంలా నున్నగా ఉంది. పోసిన నీళ్లు మొదట పడే చోటు అదే. ఏడువందల ఏళ్లు ఆడవాళ్లు ఆ పిల్లను తలుచుకుని పోసిన నీళ్లే ఆ పేరును అరగదీశాయి.

ఉమారాణి ఆ నున్నటి చోట వేలు ఉంచి కూచుండిపోయింది. వేలి కింద సన్నటి వంపులు మూడు తగులుతున్నాయో, తగులుతున్నట్టు తోస్తున్నాయో తెలియడం లేదు. ఆమెకూ ఒక కూతురు పుట్టింది, సాయితేజ కంటే ముందు. పదకొండు రోజులు బతికింది. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టాలనుకున్నారు. పన్నెండో రోజు పొద్దున మామ అనంతయ్య టవల్లో చుట్టి ఎత్తుకుపోయాడు. వెనకాలే రాఘవేందర్ గడప దాటడం మంచం మీంచి చూసింది. పళ్లు రాని పిల్లను కాల్చరు, ఎక్కడో మట్టిలో పెట్టి వస్తారు. గుర్తు పెట్టరు, తల్లికి చోటు చెప్పరు. పాలు ఇంకిపోవడానికి జోగులమ్మ రొమ్ములకు మల్లెపూలు కట్టింది. “పేరు వెట్టని పిల్లకు ఏడ్వద్దు, మల్ల పుట్టేదానికి మంచిది గాదు” అంది. రెండేళ్లకు సాయితేజ కడుపులో ఉన్నప్పుడు, ఎన్నో కాన్పమ్మా అని దవాఖానలో నర్సు అడిగితే, ఉమారాణి నోరు తెరిచేలోగా పక్కనుంచి జోగులమ్మ “మొదటిదే” అంది. నర్సు రాసుకుంది. ఆ పిల్ల ఎక్కడా లేకుండా పోవడం ఆ రోజుతో పూర్తయింది. పుట్టినట్టు కాగితం లేదు, పోయినట్టు కాగితం లేదు, ఫోటో లేదు, పిలవడానికి మాట లేదు. ఒక్కోసారి ఉమారాణికే అనుమానం వచ్చేది. ఇదిగో, ఇక్కడ ఒక కుమ్మరామె ఉంది. ఎన్ని కుండలు అమ్మితే ఒక బావి తవ్వించగలిగిందో. ఎవణ్ని బతిమాలి, ఏమిచ్చి చెక్కించుకుందో. రాజుగారి రాయి వెనక చోటు దొరికితే అదే చాలనుకుంది. నా బిడ్డ ఉండేది అని చెప్పడానికి.

ఎండ నడినెత్తిన ఉంది. నడినెత్తి ఎండలో అరిగిన అక్షరం కనబడదు. పొద్దు వాలి వెలుగు పక్కనుంచి పడితేనే గుంతలో సన్నటి నీడ నిలుస్తుంది. రాఘవేందర్ వచ్చి వంగి చూశాడు. అరిగిపోయింది వదిలెయ్యమన్నాడు. సాయంత్రం దాకా ఉంటే పేరు కనబడొచ్చని ఆమె చెప్పింది. సర్పంచ్ కోడి కోయించాడనీ, కూర్చోబెట్టి పెడుతుంటే ఒక పిల్ల పేరు కోసం పొద్దుగూకేదాకా ఉంటామని ఎట్లా చెప్పాలనీ అన్నాడు. “వచ్చే ఆదివారం వద్దాం తియ్యి” అన్నాడు. ఆమె గబగబా ఒక్క నకలు తీసింది. ఆ ఎండకు కాగితం చప్పున ఆరిపోయింది. ఆరు పంక్తులు తెల్లగా వచ్చాయి. నాలుగో పంక్తి మధ్యలో అరచెయ్యంత మేర నల్లగా వచ్చింది.

వచ్చే ఆదివారం రాలేదు. ఆ ఆదివారం జోగులమ్మ కంటి ఆపరేషన్. తర్వాతిది ఆయన వనపర్తిలో ఉపన్యాసం. ఆ తర్వాత ఇంటర్ పరీక్షల డ్యూటీ, ఆ తర్వాత సాయితేజకు జ్వరం. ఒక రోజు ఆమె ధైర్యం చేసి, బస్సులో పోయి సాయంత్రానికల్లా తిరిగొస్తానంది. ఒక్కదానివే పోయి రాయి ముందు కూచుంటావా, జనం ఏమనుకుంటారన్నాడు రాఘవేందర్. అమ్మ కంట్లో చుక్కలు గంట గంటకూ ఎవరు వేస్తారన్నాడు. రెండోది నిజమే. ఆమె పోలేదు. బస్టాండు ఇంటికి పావుగంట దూరం. ఆ రోజు తాను పోకపోవడాన్ని ఉమారాణి ఎవరి మీదా వెయ్యదు.

వెనుకవైపు పాఠాన్ని మాత్రం శుభ్రంగా రాసి, పంక్తులకు అంకెలు వేసి, పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి ఆయన బల్ల మీద ఉంచింది. చూస్తానన్నాడు. మేలో వ్యాసం అచ్చయింది. పొయ్యి మీద చారు మరుగుతుంటే నిలబడి చదివింది. బాగా రాశాడు. కాలువ గురించి, సామంతుడి వంశం గురించి మూడు పేజీలు. చివర్లో రాయి వర్ణన ఉంది. ఎత్తు, వెడల్పు, మందం. ఆ కింద ఒక వాక్యం. “శాసనం వెనుకవైపు రాతలేమీ లేవు.”

చారు పొంగి పొయ్యి ఆరిపోయింది.

సాయంత్రం అడిగింది. ఆయన కోపం తెచ్చుకోలేదు, పిల్లలకు పాఠం చెప్పినట్టు ఓపిగ్గానే చెప్పాడు. అరిగిపోయిన దాన్ని ఉందని రాస్తే నలుగురూ నాలుగు ప్రశ్నలడుగుతారట. లిపి ఏ కాలానిదంటారు, ముఖ్యమైన చోటే ఖాళీ ఉంటే మిగతాది ఎట్లా నమ్మాలంటారు. “నేను సరిగ్గ చూడలే గద ఉమా. ఏం రాయమంటవ్? మా ఇంటామె సదివిందని రాయన్నా?” అన్నాడు. రాయండి అనాలనిపించింది. ఆ మాట గొంతులోనే ఉండగా కుక్కర్ కూత వేసింది, ఆమె లోపలికి పోయింది. ఆ రాత్రి వంటలో ఏ లోటూ లేదు.

నవంబర్‌లో బాలస్వామి ఫోన్ చేశాడు. పేపర్లో ఊరి పేరు వచ్చినందుకు ఊరంతా సంతోషంగా ఉందట. రాయిని చేన్లో వదిలేస్తే ఎవరన్నా పగలగొడతారని, సార్ సలహా ప్రకారం పంచాయతీ ఆఫీసు ముందు నిలబెట్టామనీ, సార్‌కు సన్మానం చేస్తామనీ, అమ్మగారు కూడా రావాలనీ చెప్పాడు. సలహా ఎప్పుడిచ్చారని ఆమె రాఘవేందర్‌ను అడగలేదు. సన్మానం సాయంత్రం నాలుగింటికి. చలికాలపు పొద్దు, వాలుటెండ బాగా పడుతుంది. పట్టుచీర కట్టుకుని, చేతి సంచిలో తడవకుండా కాగితాల చుట్ట, బ్రష్షు, సిరా పెట్టుకుంది. దారి పొడుగునా మూడు అక్షరాల పేర్లు ఆమె మనసులో తిరుగుతూనే ఉన్నాయి. ఇవాళ తెలిసిపోతుంది అనుకుంది.

పంచాయతీ గోడకు ఆనించి సిమెంటు గద్దె కట్టారు. రాయి దానిలో నిలబడి ఉంది. ముందు అక్షరాలకు పసుపు రంగు పూశారు. వెనుకవైపు, గోడకూ రాయికీ మధ్య, వేలు దూరే సందు కూడా లేదు. మేస్త్రీ సాయన్న కొత్త చొక్కా వేసుకుని అక్కడే ఉన్నాడు. ఉమారాణి రాయి పక్కన తల పెట్టి చూస్తుంటే పని నచ్చిందనుకున్నాడు.

“ఇగ వందేండ్లకు గూడ కదలదమ్మా” అన్నాడు. “ఎనక నున్నగుండె. నున్నగుంటె సిమెంటు పట్టది. శానంతోని అంతట గాట్లు కొట్టి పట్టిచ్చిన. రెండొద్దులు పట్టింది.”

గాట్లు కొట్టడానికి ముందు అక్కడ ఏమన్నా రాసి ఉందా అని అడిగింది. ఉన్నట్టుండె, పిచ్చి గీతలలెక్క, అన్నాడు సాయన్న. సార్ పేపర్ల రాసిండు గదమ్మా, ఎనక ఏం లేదని. సర్పంచ్ సదివి చెప్పిండు.

అతని తప్పేముంది? చదువుకున్నవాడు రాసింది నమ్మాడు. మనసు పెట్టి పనిచేశాడు. ఉమారాణి పోయి ప్లాస్టిక్ కుర్చీల్లో వెనక వరసలో కూర్చుంది.

శాలువా కప్పారు, పూలదండ వేశారు. ఊరు గొప్పదని ముగ్గురు మాట్లాడారు. ప్రశ్నలుంటే అడగమంటే, బడిపిల్లల వరసలోంచి రెండు జడల పిల్ల ఒకతి లేచి, “సార్, రాళ్లు సదివితే ఏమొస్తది?” అనడిగింది. జనం గొల్లున నవ్వారు. రాఘవేందర్ నవ్వలేదు. ఆయన మంచి పంతులు, ఆ మాట ఎవరైనా ఒప్పుకుంటారు. మైకు దగ్గరికి జరిగి నిదానంగా చెప్పాడు. “బిడ్డా, రాజుల పేర్లు పుస్తకాలల్ల ఉంటయ్. మనసొంటోళ్ల పేర్లు ఎవరు రాస్తరు? కుండలు చేసినోళ్లు, బాయిలు తవ్వినోళ్లు, పుట్టినోళ్లు, పోయినోళ్లు. గా రాళ్లల్ల, గా మట్టిల ఎతికితెనే, వాళ్లు గూడ ఉండిరి అని తెలుస్తది. తెలుసుకోకపోతె వాళ్లు లేనట్టే. ఇయ్యాల మనల్ని మర్చిపోతె, రేపు మనం లేనట్టే.”

చప్పట్లు మోగాయి. ఉమారాణి చప్పట్లు కొట్టలేదు. ఒక మనిషి ఇంత నిజం ఇంత బాగా చెప్పగలిగి, చెబుతున్న చోట తన వీపు వెనక ఏముందో చూడకుండా ఎట్లా ఉండగలడో ఆమెకు అర్థం కాలేదు. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఆ మాటల కోసమే పదేళ్లు ఆయన వెంట ఎండల్లో తిరిగింది. ఆమెను కోసింది అదే.

టీ ఇస్తుండగా లేచి బావి దగ్గరికి నడిచింది. రాయి ఉన్న చోట జేసీబీ తోడిన గుంత. ఎస్తేరమ్మ అక్కడే ఉంది, చేన్లోంచి వస్తూ కాళ్లు కడుక్కుంటోంది. సభకు పిలవలేదా అంటే, పొద్దున్నే కుర్చీలు వేసి ఊడ్చి వచ్చానంది. పేరు తెలిసిందా అని అడిగింది. ఉమారాణి తల అడ్డంగా ఊపింది. గాట్ల సంగతి చెప్పింది.

ఎస్తేరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. “ఆమె పాపం చెక్కించుకునే గదమ్మా” అంది. “చెక్కించినంక గూడ ఉంచకపోతిరి.”

ఎవరినని అన్నదో చెప్పలేదు. ఉమారాణి తననూ కలిపే అన్నదనుకుంది.

మర్నాడు పొద్దున, రాఘవేందర్ కాలేజీకి తయారవుతుండగా గాట్ల సంగతి చెప్పింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్న చేతులు ఆగిపోయాయి. నిజంగానే బాధపడ్డాడు, ఆమె చూసింది. కానీ ఆ బాధ ఎంతోసేపు నిలవలేదు. ఇప్పుడు గద్దె పగలగొట్టమంటే బాలస్వామి మొహం ఏమవుతుందన్నాడు. వెనక రాత ఉందని మళ్లీ రాస్తే తన మొదటి వ్యాసం ఏమవుతుందన్నాడు. తన దగ్గరున్న నకలు తాను పత్రికకు పంపుతానని ఉమారాణి అంది. తన పేరుతో.

“ఇంట్ల మొగుడొకటి రాస్తె పెండ్లామొకటి రాసిందని నవ్వరా?” అన్నాడు. “ఎన్నడో సచ్చిన పిల్ల ఉమా. దాని పేరు తెల్సి ఎవలికేమొస్తది?”

ఉమారాణి చేతిలో ఆయన టిఫిన్ డబ్బా ఉంది. మూత బిగించి బల్ల మీద పెట్టింది.

“మన బిడ్డను యాడ పెట్టిండ్రు?”

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. పదేళ్లలో ఆమె ఒక్కసారీ అడగలేదు. ఆయన తలుపు వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు.

“నేను పోలే” అన్నాడు. “సైకిల్ షాపు దాక పోయిన. ఆడ్నే నిలవడ్డ. కాళ్లు రాలే. నాయిన ఒక్కడే పోయిండు.”

“మామయ్యను అడగలేదా?”

“అడగలే.”

అనంతయ్య చనిపోయి ఆరేళ్లయింది. నాలుగు తాలూకాల్లో ఏ రాయి ఎక్కడుందో గజాలతో సహా చెప్పే మనిషి చొక్కా గుండీ ఒకటి పెట్టుకోవడం మరిచిపోయి నిలబడి ఉన్నాడు. ఆమెకు ఆయన మీద జాలి కూడా కలిగింది. కానీ ఆ జాలితో ఇక చేసేదేమీ లేదని తెలిసింది. ఆయన డబ్బా తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

గిన్నెలు అలాగే వదిలేసి ఉమారాణి ఆయన బల్ల దగ్గర కూర్చుంది. ఆ కుర్చీలో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు, దుమ్ము తుడవడానికి జరపడమే. పత్రిక సంపాదకుడికి రాసింది. “ఆ శాసనం వెనుకవైపు రాత ఉండేది. ఏడు పంక్తులు. నేను చదివాను. నకలు జతచేస్తున్నాను. రాయి మీద ఇప్పుడు ఆ రాత లేదు కనుక ఈ కాగితాన్ని జాగ్రత్త చేయగోరుతున్నాను.” కింద ఎవరి భార్యనో రాయకుండా, తన పేరూ ఊరూ రాసింది.

“ఉమా” అని పిలుపు వినబడింది. “గిట్ల రా.”

జోగులమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. పొద్దున్నించీ అక్కడే ఉంది. అంతా విన్నదని ఉమారాణికి అప్పుడు తట్టింది. మళ్లీ ఏదో మందలింపు వినడానికి సిద్ధపడి, వచ్చి ఎదురుగా పీట మీద కూర్చుంది.

“నన్ను గూడ తోల్కపోలే” అంది జోగులమ్మ, తలెత్తకుండా.

ఉమారాణికి అందలేదు.

“రాఘవేందర్ కంటె ముందల ఇద్దరు. ఇద్దరు ఆడపిల్లలే. ఒకతి మూడు నెల్లు ఉండె. ఇంకొకతి మూడొద్దులే. యాడ పెట్టిండ్రో నాకు చెప్పలే. మీ మామను అడగబోతె మా అత్త నోరు మూసింది. నేను నీ నోరు మూసిన.” గింజ ఒకటి తీసి చిప్పలో వేసింది. “గట్లనే చేస్తరనుకున్న.”

“నాకెప్పుడూ చెప్పలేదు గదా అత్తమ్మా.”

“ఎవలడిగిండ్రు?”

నిజమే. ఎక్కడెక్కడో రాళ్ల వెనక మన్ను తోడింది. పన్నెండేళ్లుగా తన చేతి అన్నం తింటున్న మనిషిని ఒక్క మాట అడగలేదు. ఉమారాణి పోయి బల్ల మీంచి పెన్నూ, తెల్ల కాగితమూ తెచ్చుకుంది. పిల్లలకు పేర్లుండేవా అని అడిగింది.

జోగులమ్మ చేతులు చింతపండులోనే ఉండిపోయాయి. మూడు నెలల పిల్లకు తనే ఒక పేరు పెట్టుకుందట. అత్తింటివాళ్లు పెట్టింది వేరే. ఇది ఎవరి ముందూ అనలేదు, పాలిచ్చేటప్పుడు మనసులో అనుకునేదట. “చంద్రకళ” అంది. బయటికి అన్నాక తన గొంతుకు తనే ఉలిక్కిపడింది. నలభై ఏళ్ల తర్వాత మళ్లీ అంది, ఈసారి కొంచెం గట్టిగా. ఉమారాణి ఎవరైనా చదవగలిగేలా విడివిడిగా, పెద్ద అక్షరాలతో రాసింది. తల్లి పేరు పక్కన రాసింది. పుట్టింది ఏ ఏడాదంటే, వానలు పడక పశువులు పోయిన ఏడాది అంది జోగులమ్మ. అదీ రాసింది. ఎక్కడ పెట్టారన్న చోట, తెలియదు అని రాసింది. రెండో పిల్లకు పేరు లేదంటే, లేదని రాసింది.

జోగులమ్మ ఆపరేషనైన కన్ను చికిలించి కాగితం మీదికి వంగింది. చదువు రాదు. అయినా ఆ అక్షరాల వైపు చాలాసేపు చూసింది.

“మరి నీ పిల్లకు ఏం పేరు?”

ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. ఉమారాణి నోరు తెరిచింది. లోపల ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఇరవై ఒకటో రోజు కోసం అనుకున్న పేర్లు మామవీ, ఆడబిడ్డలవీ. తనకంటూ ఒకటి అనుకోలేదు, తనను అడుగుతారని ఎప్పుడూ అనుకోలేదు గనక. ఏడువందల ఏళ్ల కిందటి పిల్ల పేరు కోసం అంత తపించింది గానీ.

“పెట్టలేదత్తమ్మా” అంది.

జోగులమ్మ చింతపండు చేతులు చీరకు తుడుచుకుని, కొంచెం పక్కకు జరిగి, తన పక్కన చోటు చేసింది.

“ఇయ్యాల పెడ్దాం రా” అంది. “ఇద్దరం ఉన్నం గద.”